చెరి సగం తీర్పు నన్నడక్కండి

విజయవాడ

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఫోనూ అందింది, ఆ వెంటనే నీ బావమరిది ఫోనూ అందింది. "మీరొచ్చి ఏదో ఒకటి తేల్చండి" అని ఇద్దరిదీ ఒకే మాట. పెద్దమనిషిగా వచ్చి కూర్చుంటే నేను చెప్పగలిగేది చెరి సగం. ఇద్దరూ తలూపుతారు, వచ్చే సీజన్‌కి మళ్లీ అదే రభస. అందుకే ఇప్పుడు రావడం లేదు.

గుంటూరు మిర్చి యార్డులో మీరిద్దరూ భాగస్వాములుగా నడిపే కొట్టు పేచీ నాకు అర్థమైనంతలో ఇదీ. నిన్నడక్కుండా అతను పల్నాడు రైతులకు పెట్టుబడికి అడ్వాన్సులిచ్చాడు. వాళ్లలో కొందరు బాకీ అలాగే ఉంచి, బస్తాలు వేరే కొట్టుకు తోలారు. నువ్వు కోపం పట్టలేక గుమాస్తా ముందు, రైతుల ముందు చిట్టా పుస్తకం విసిరికొట్టావు. గొడవ వచ్చినందుకు నాకేం బాధ లేదు. కొట్లో ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందో ఇన్నాళ్లూ మీరు మాట్లాడుకోలేదు, మొహమాటంతో నెట్టుకొచ్చారు. అదిప్పుడు బయటపడింది, మంచిదే అయింది.

తనంతట తానే అడ్వాన్సులిచ్చే వీలు అతను అడుగుతున్నాడని నీకు తెలుసు. ఎందుకు అడుగుతున్నాడో ఎప్పుడైనా అడిగావా? ఊళ్లు తిరిగేది అతను. నారు పోసే వేళ, మందులు కొట్టే వేళ రైతు చేయి చాపితే "బావనడిగి చెబుతా" అనాలి. ఆ మాట విన్న రైతు పక్క కొట్టుకు పోతాడు. నీ భయం వేరు. బ్యాంకు కాగితాల మీద సంతకం నీది, తాకట్టులో ఉన్న ఇల్లు నీది. 2021-22లో నల్ల తామర పురుగు మిరపతోటల్ని ఊడ్చేసినప్పుడు రైతుతోపాటు అడ్వాన్సులిచ్చిన కొట్లు కూడా ఎలా ఇరుక్కున్నాయో చూసినవాడివి.

మేరీ పార్కర్ ఫాలెట్ అని అమెరికాలో ఒకావిడ 1925లో ఇలాంటి తగవుల మీద ఉపన్యాసమిచ్చింది. లైబ్రరీలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆవిడ మూయాలంది. నిజానికి అవతలివారికి కావలసింది కాస్త గాలి. ఈవిడకు కావలసింది చలిగాలి నేరుగా మీద కొట్టకుండా ఉండటం. పక్కగదిలో కిటికీ తెరిచారు, సరిపోయింది. సగం తెరిచి ఉంటే ఇద్దరూ సణుక్కుంటూనే ఉండేవాళ్లు.

మీకూ అలాంటి కిటికీ ఉందనే నా నమ్మకం. రైతుకింత అని హద్దు పెట్టుకోండి. ఆ లోపల అతనే అక్కడికక్కడ మాటివ్వొచ్చు, దాటితే ఇద్దరి సంతకం. అతనిచ్చినదాంట్లో మొండిబాకీ తేలితే అతని వాటాలో కొంత కోత. హద్దు ఎంతన్నది మీరే తేల్చుకోవాలి, యార్డులో ఉన్నది మీరు.

ఇప్పుడు మాత్రం ఈ చర్చ పెట్టకండి. మార్చిలో బస్తాలు పోటెత్తుతుంటే, కాటాలు, హమాలీలు, రైతుల పట్టీలు చూసుకునే మనిషికి ఓపిక ఎక్కడుంటుంది? మేలో యార్డుకు వేసవి సెలవులిస్తారుగా, అప్పుడు కూర్చోండి. కొత్త అడ్వాన్సులు ఎలాగూ ఆ తర్వాతే.

పుస్తకం విసిరిన సంగతి మేదాకా ఆగదు. రేపే, ఆ గుమాస్తా ఉండగానే, తప్పయిందని చెప్పు. పద్దుల ఊసెత్తకు. "కానీ నువ్వు కూడా" అన్నావంటే చెప్పనట్టే. కోడలు పిల్ల చేత కబుర్లు పంపడం కూడా మానెయ్. అటు అన్న, ఇటు మొగుడు, ఆ పిల్ల ఎంత టెన్షన్ పడుతోందో నీకు పట్టినట్టు లేదు.

భాగస్వామ్య దస్తావేజు తిరగరాయించండి. 1932 నాటి చట్టం ప్రకారం రోజువారీ వ్యవహారాల్లో తేడా వస్తే ఎక్కువమంది మాట నెగ్గుతుంది. ఉన్నదే ఇద్దరైతే ఎక్కువమంది ఎక్కణ్నుంచి వస్తారు? ఆ హద్దు సంగతి దస్తావేజులోకే ఎక్కాలి.

ఒకవేళ అతను లెక్కలు దాచాడని తేలితే నేను చెప్పిందేదీ పనికిరాదు. అప్పుడు పుస్తకాలు ఆడిటర్‌కిచ్చి, వాటాలు తేల్చుకుని విడిపోండి. ఫోన్లో విన్నంతలో నాకలా అనిపించలేదు.

సెలవుల్లో గుంటూరు వస్తాను. మీరు మాట్లాడండి, నేను రాసుకుంటాను. ముందు అతని ఇబ్బందేంటో నువ్వు చెప్పాలి, నీ భయమేంటో అతను చెప్పాలి. సరిగ్గానే చెప్పారని ఎదుటివాడు ఒప్పుకున్నాకే డబ్బు సంగతి.

మీ పెదనాన్న