ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మా ఊరి సిపాయి వివరాలు ఎలా వెతకాలి?

ముందు ఇంట్లో ఉన్న పతకాన్ని చూడండి. మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ అయితే, దాని అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. ఆ రోజుల్లో ఏ పటాలం నంబర్లు ఆ పటాలానివే కాబట్టి, పటాలం పేరు లేని ఒట్టి నంబరుతో పని జరగదు.

తర్వాత కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ) వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకండి. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన మరణాలు అందులో ఉంటాయి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. సైన్యంలో గుమాస్తా తన చెవికి వినపడినట్టు సిపాయి పేరు రాసుకున్నాడు. ఇంటిపేరు ఒక్కోసారి అసలే ఉండదు. అందుకే పేరు వదిలేసి, అదనపు సమాచారం గడిలో జిల్లా లేదా పట్టణం పాత ఇంగ్లిష్ పేరు కొట్టండి: విశాఖకు వైజాగపటం (Vizagapatam), కాకినాడకు కోకనాడ (Cocanada). తండ్రి పేరు, ఊరు కూడా కలిస్తేనే మీ మనిషి అనుకోండి. ఒకే పేరున్న సిపాయిలు చాలామంది.

సమాధి లేనివారి పేర్లు స్మారకాల్లో ఉంటాయి: ఫ్రాన్స్‌లో నవ్ షపెల్, ఇరాక్‌లో బస్రా, రెండో యుద్ధానికి రంగూన్, సింగపూర్. బస్రా ఫలకాల మీద మామూలు భారతీయ సిపాయిల పేర్లు చెక్కలేదు, పటాలం వారీగా సంఖ్యే వేశారు. పేర్లకు కమిషన్ రిజిస్టరే చూడాలి.

ఎలా పోయాడో తెలియాలంటే లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని పటాలం యుద్ధ దినచర్య (వార్ డైరీ, అంటే దళం రోజువారీగా రాసుకున్న పుస్తకం) చదవండి. సిపాయి పేరు అరుదుగా దొరుకుతుంది గానీ, ఆ రోజు దళం ఎక్కడుందో, ఏం జరిగిందో తెలుస్తుంది.