కీమో జరుగుతుండగా పసుపు మాత్రలు వేసుకోవచ్చా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పిన్నికి రొమ్ము క్యాన్సర్. విజయవాడలో వారం వారం పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. పసుపు క్యాన్సర్ కణాలను చంపుతుందని ఎవరో చెబితే, మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ (పసుపులోని ముఖ్య పదార్థం) మాత్రలు రోజుకు రెండు వేసుకుంటోంది. రెండూ మొక్కల నుంచి వచ్చినవే కదా, ఒకదానికొకటి తోడవుతాయా?
– ఒక పాఠకుడు, దుగ్గిరాల

జవాబు: కూరలో పసుపు మానక్కర్లేదు. మాత్రలు మాత్రం ఆపించి, ఆ డబ్బా తీసుకెళ్లి కీమో ఇస్తున్న డాక్టరుగారికి చూపించండి.

పాక్లిటాక్సెల్‌ను మొదట పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు నుంచి తీశారన్న మాట నిజమే. అంతమాత్రాన కర్క్యుమిన్‌కు అది చుట్టం కాదు. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని గొట్టాలు ఏర్పడుతూ విడిపోతూ ఉండాలి. పాక్లిటాక్సెల్ వాటిని విడిపోకుండా బిగించేస్తుంది. చీలిక మధ్యలో ఆగిపోయి కణం చస్తుంది. కర్క్యుమిన్ పని వేరు. అది దొరికిన ప్రోటీన్‌కల్లా అతుక్కుంటుంది, ముఖ్యంగా గంధకం ఉన్న సిస్టీన్లు అనే అమైనో ఆమ్లాల దగ్గర. చిక్కంతా అక్కడే.

గుంటూరు మిర్చియార్డులోకి కొత్తగా వెళ్లినవాడు తుమ్ములతో బయటపడతాడు. రోజూ బస్తాలు మోసే హమాలీ ముక్కుకు తువ్వాలు చుట్టుకునే లోపలికి వెళతాడు. క్యాన్సర్ కణం ఆ హమాలీ లాంటిది. గడ్డ లోపల రక్తనాళాలు చాలవు, ఆక్సిజన్ తక్కువ, గ్లూకోజ్ తక్కువ, పులుపు ఎక్కువ. అందుకని చాలా క్యాన్సర్ కణాల్లో వంకరపోయిన ప్రోటీన్లను సరిచేసే హీట్ షాక్ ప్రోటీన్లు మొదటి నుంచే ఎక్కువగా ఉంటాయి. దానికి తోడు ఎన్‌ఆర్‌ఎఫ్-2 అనే మరో రక్షణ ఉంది. మామూలు రోజుల్లో కీప్-1 అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంటుంది. కర్క్యుమిన్ వచ్చి కీప్-1 సిస్టీన్లకు అతుక్కుంటే ఆ పట్టు సడలుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్-2 కేంద్రకంలోకి వెళ్లి కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ తయారీని, మందును బయటికి తోసే కొన్ని పంపులను పెంచుతుంది. అంటే చిన్న మోతాదు కణానికి తువ్వాలు అందించినట్టు, పెద్ద మోతాదు ఆ తువ్వాలును కూడా కాల్చేసినట్టు.

మరి నోటితో వేసుకుంటే ఏ మోతాదు అందుతుంది? రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూసినప్పుడు రక్తంలో కనిపించింది గరిష్ఠంగా 2 మైక్రోమోలార్ (గాఢత కొలత) లోపే. ల్యాబ్ ప్లేటులో కణాలను చంపడానికి సాధారణంగా వాడేది 10 నుంచి 50. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లనుకుంటే, ఆ 8 గ్రాములు రావాలంటే రోజుకు పావుకిలో పైచిలుకు పసుపు మింగాలి. మేలురకం కొమ్ములు తెచ్చి ఆ లెక్క సగమైనా, అంత పసుపు రోజూ మింగలేం.

2002లో వెలువడిన ఒక పరిశోధనలో రొమ్ము క్యాన్సర్ కణాలకు కర్క్యుమిన్ ఇచ్చి, క్యాంప్టోథెసిన్, డాక్సోరూబిసిన్ లాంటి మందులు వేస్తే చావాల్సినన్ని కణాలు చావలేదు. క్యాంప్టోథెసిన్ కూడా మొక్క మందే! ఇక మిరియాల్లోని పైపరిన్, కాలేయంలో మందులను విరిచే సీవైపీ3ఏ4 అనే ఎంజైమును అడ్డుకుంటుంది. పాక్లిటాక్సెల్‌ను విరిచే ఎంజైముల్లో అదొకటి. మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిస్తే తెల్లకణాలు పడిపోవడం, అరికాళ్ల తిమ్మిరి పెరగవచ్చు. పైపరిన్ కలిపిన పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయి. కాబట్టి తర్వాతి డోసుకు ముందు రక్తపరీక్షలో తెల్లకణాలతో పాటు కాలేయ పరీక్ష కూడా చేయించమని అడగండి. మాత్ర ఏ రోజు నుంచి, రోజుకెన్ని వేసుకుందో కాగితం మీద రాసుకెళ్లండి.

ప్రశ్న: రొమ్ము క్యాన్సర్ కణాలపై ఒక ఆకు సారాన్ని ఎంటీటీ పరీక్షతో (బతికిన కణాలు ఎంటీటీ రంగును ఊదాగా మార్చే పరీక్ష) చూస్తున్నాను. తక్కువ మోతాదుల్లో కంట్రోల్ (సారం వేయని కణాలు) కంటే ఎక్కువ కణాలు బతికినట్టు వస్తోంది. ఐసీ50 (సగం కణాలను ఆపే మోతాదు) కూడా నెలకో రకంగా ఉంటోంది. తప్పెక్కడ?
– ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: ముందు కణాలు లేని బావుల్లో (ప్లేటులోని గుంటల్లో) సారం, మీడియం (కణాలు పెరిగే ద్రవం), ఎంటీటీ కలిపి చూడండి. ఊదారంగు వచ్చిందంటే మీ సారంలోని పాలీఫినాల్స్ అనే మొక్క రసాయనాలే ఎంటీటీని మారుస్తున్నాయి, కణాల ప్రమేయం లేదు. ఎంటీటీ వేసేముందు సారమున్న మీడియం తీసేసి, ఉప్పు ద్రావణమైన పీబీఎస్‌తో కడగండి. లేదా కణాల ప్రోటీన్‌ను రంగుతో కొలిచే సల్ఫోరోడమిన్ బి పద్ధతికి మారండి.

రెండోది, పాలీఫినాల్స్ మీడియంలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. కొన్ని బావుల్లో పెరాక్సైడ్‌ను విరిచే కాటలేజ్ ఎంజైము కలపండి. అప్పుడు కణాలు చావడం మానేస్తే, మీరు కొలిచింది చాలావరకు మీడియంలో పుట్టిన పెరాక్సైడ్ దెబ్బను. ఇది తేలకుండా థీసిస్ రాయొద్దు.

ఈ రెండూ దాటాక కూడా తక్కువ మోతాదులో నూటికి పైన వస్తే, అది నిజమైన ఒత్తిడి ప్రతిస్పందన కావచ్చు. హెచ్‌ఎస్‌పీ70, జీఆర్‌పీ78, హెచ్‌ఓ-1 అనే ఒత్తిడి ప్రోటీన్లను 6, 12, 24 గంటల దగ్గర, ప్రోటీన్ ఎంతుందో చూపే వెస్టర్న్ బ్లాట్‌లో చూడండి. మందుతో కలిపి పరీక్షించేటప్పుడు సారం ముందు ఇచ్చి, మందుతో పాటు ఇచ్చి, మందు తర్వాత ఇచ్చి మూడు రకాలుగా చేయండి. ముందు ఇస్తే కాపాడి, తర్వాత ఇస్తే చంపే సారాలుంటాయి.

నెలకో రకంగా రావడానికి మా మొదటి అనుమానం ఇంక్యుబేటర్ మీదే. మామూలు ఇంక్యుబేటర్‌కు వేడెక్కించడమే వచ్చు, చల్లబరచడం రాదు. మే నెలలో ఏసీ ఆగి గది 40 డిగ్రీలు దాటితే లోపల 37 నిలవదు. 41, 42కు చేరితే హెచ్‌ఎస్‌పీ70 మీ సారం లేకుండానే పెరిగిపోతుంది. లోపల విడిగా ఒక థర్మామీటర్ ఉంచి ఉదయం, సాయంత్రం నోట్ చేయండి. ఎర్రటి మీడియం పసుపురంగుకు తిరిగినదాకా ప్లేటు వదిలేయడం మరో తప్పు. గ్లూకోజ్ అయిపోతే జీఆర్‌పీ78 పెరుగుతుంది, టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైము తగ్గుతుంది. ఎటోపోసైడ్ అనే క్యాన్సర్ మందు పట్టుకోవాల్సింది ఆ ఎంజైమునే కాబట్టి మందు పనిచేయనట్టు కనిపిస్తుంది. 96 బావుల ప్లేటులో బావికి 5,000 నుంచి 10,000 కణాలు చాలు. వేశాక 24 గంటలు కదపకండి. సారాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ 0.1 శాతం దగ్గర ఉంచి, కంట్రోల్‌లోనూ అంతే వేయండి.

ప్రశ్న: బిళ్ళగన్నేరు నుంచే క్యాన్సర్ మందు తీస్తారంటారు. పెరట్లో ఉంది. ఆకు కషాయం రోజూ తాగవచ్చా?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: తాగొద్దు. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ ఆ మొక్కవే, కానీ టన్ను ఎండు ఆకు నుంచి చేతికొచ్చేది గ్రాముల్లోనే. విన్‌క్రిస్టిన్‌ను రక్తనాళంలోకి (సిరలోకి) మాత్రమే ఎక్కిస్తారు, అదీ పెద్దవాళ్లకు సాధారణంగా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటకుండా. కషాయంలో అది ఎంతుందో తెలిసే దారి లేదు. దాంతోపాటు దిగే మిగతా ఆల్కలాయిడ్లు పదుల రకాలు. మొక్కను పూలకోసం ఉంచుకోండి.