తుప్పు పట్టిన పాత కారును ఇంట్లోనే బాగు చేసుకోవచ్చా? చేసుకోవచ్చు, తలుపులు మాత్రం విప్పకండి

మీ ప్రశ్న ఇది: తాతగారి కారు ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉంది, కింద అంతా తుప్పు, మీకు వెల్డింగ్ రాదు, సెలవు రోజుల్లో సొంతంగా చేసుకోగలరా, చేస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

చేసుకోగలరు. నాకూ మొదట్లో వెల్డింగ్ రాదు, అయినా చేశాను. ఆరు నెలల్లో అయిపోతుందని ఇంట్లో చెప్పి నాలుగేళ్లు తీసుకున్నాను, ఆ విషయం ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు. మీరు ఇంజన్ గురించి అడగలేదు, మంచిదే. ఇంజన్ గురించి భయపడేవాళ్లు ఎక్కువ గానీ, నన్నడిగితే పాత కారులో అన్నిటికంటే సులువైన పని అదే. విప్పితే లోపల ఏం అరిగిందో కనిపిస్తుంది, ఆ ముక్క మార్చి బిగిస్తే తిరుగుతుంది. తుప్పు అలా కాదు. బయట రూపాయి బిళ్లంత మచ్చ కనిపిస్తే లోపల అరచేయంత రేకు పోయిందని లెక్క వేసుకోండి. ఇనుము తుప్పుగా మారాక దానికి ముందుకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి, అందుకే రెండు రేకులు అతికిన చోట అది మధ్యలో దూరి, ఉబ్బి, వాటిని విడదీస్తుంది. పెయింట్ కింద బుడగల్లా కనిపించేది చాలాసార్లు ఇదే.

నాది మా మామయ్య దగ్గర్నుంచి వచ్చిన 1960ల నాటి వోక్స్‌వ్యాగన్ బీటిల్. ఈ బండి గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత నేను చేసిన వెధవ పని అర్థం కాదు. దీనికి కింద ఫ్లోర్ ఒకటి, పైన బాడీ ఒకటి, రెండిటినీ చుట్టూ బోల్టులతో బిగిస్తారు. రెండువైపులా తలుపుల కింద, మనం కాలు పెట్టి ఎక్కే గడప ఉంటుంది కదా, దాని లోపల రేకుతో చేసిన పొడవాటి డొల్ల పెట్టె ఉంటుంది. హీటర్ చానెల్ అంటారు. ఇంజన్ వెనక ఉంటుంది కాబట్టి అక్కడి వేడి గాలి ఈ గొట్టం గుండానే ముందుకు వస్తుంది. పేరు చూసి అదేదో గాలి గొట్టమే అనుకుంటాం, నేనూ అనుకున్నాను. నిజానికి బాడీకి వెన్నెముక లాంటి బలం అందులోనే ఉంది. పైగా అది లోపలి నుంచి కుళ్లుతుంది, బయటి పెయింట్ మెరుస్తూనే ఉంటుంది.

నేను పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని కారు కింద అంతా గట్టిగా పొడుచుకుంటూ పోయాను. ఈ పరీక్షకు మించింది లేదు, మీరూ మొదట ఇదే చెయ్యండి. టంగుమంటే రేకు ఉన్నట్టు, బుస్సున లోపలికి దిగిందంటే లేనట్టు. వెనక సీటు ఎత్తితే బ్యాటరీ అక్కడే ఉంటుంది ఈ బండికి. యాసిడ్ కారీ కారీ బ్యాటరీ కింది ఫ్లోర్ జల్లెడైపోయింది. (సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఆ బ్యాటరీ మీద మూత లేకుండా సీటు వెయ్యకండి. బరువైన మనిషి కూర్చుంటే సీటు స్ప్రింగులు టెర్మినల్స్‌కి తగిలి, లోపలి పీచు అంటుకుని కాలిపోయిన బీటిళ్లు ఉన్నాయి.) ఎడమవైపు చానెల్‌లోకి స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. కుడివైపు కొంచెం నయం.

ఇక నా ఘనకార్యం. కొత్త చానెల్ తెప్పించాను. పని సులువుగా ఉంటుందని ముందే రెండు తలుపులూ విప్పి గోడకు ఆనించాను. ఆదివారం పొద్దున కారును నాలుగు స్టాండ్ల మీదికెత్తి, గ్రైండర్ పట్టుకుని, సాయంత్రానికల్లా పాత చానెల్ మొత్తం కోసి బయట పడేశాను. ఆ పూట నా అంత మొనగాడు లేడనుకున్నాను, ఫోటోలు కూడా తీసుకున్నాను. తర్వాతి రెండు వారాలు కొత్తది పెట్టి వెల్డింగ్ చేశాను. అతుకులు పిట్ట రెట్టల్లా ఉన్నా గట్టిగానే ఉన్నాయి. అప్పుడు తలుపు తెచ్చి తగిలించాను.

తలుపు పట్టలేదు. పైన వెనక మూల వేలు దూరేంత సందు, కింద అదే తలుపు గడపకు గీసుకుని ఆగిపోతోంది. కబ్జాలు వంగాయనుకుని వాటిని సరిచేశాను. తలుపే వంగిందేమోనని దాన్ని మోకాలితో అదిమాను. కొత్త చానెల్ తయారు చేసినవాళ్లను నోరారా తిట్టాను. నాలుగు రోజులు ఇదే వరస.

ఐదో రోజు, గేట్లూ గ్రిల్సూ వెల్డింగ్ చేసే పక్కింటి బాబాయి గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూశారు. ఒక్క మాట మాట్లాడలేదు. టేపు అడిగారు. తలుపు లేని ఆ ఖాళీలో ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా కొలిచారు. అవతలివైపు వెళ్లి అక్కడా అలాగే కొలిచారు. రెండిటికీ తేడా 11 మిల్లీమీటర్లు. "నీ తలుపు బాగానే ఉందిరా, కారే వంగింది" అన్నారు.

జరిగింది ఇది. ఆ చానెల్ కోసెయ్యగానే ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ మధ్య కింద పట్టుకునేది ఏమీ లేదు. బాడీ తన బరువుకు తానే కాస్త కుంగింది, కంటికి కనపడనంత. అలా కుంగిన దాన్ని అలాగే ఉంచి నేను కొత్త రేకుతో శాశ్వతంగా అతికించాను. పని ఎంత శ్రద్ధగా చేశానో తప్పు అంత గట్టిగా అతుక్కుంది.

నా వెల్డింగ్ నేనే కోసుకోవడానికి, చేసినదానికంటే రెట్టింపు రోజులు పట్టింది. బాబాయి గారు ఒక చదరపు ఇనుప గొట్టం కోసి తలుపు ఖాళీలో అడ్డంగా ఒకటి, ఐమూలగా ఒకటి పెట్టించారు. జాకీతో కొద్దికొద్దిగా ఎత్తుతూ, కొలుస్తూ, మళ్లీ ఎత్తుతూ, ఐమూల కొలత అవతలివైపుతో కలిసేదాకా తెచ్చాక అప్పుడు ఆ గొట్టాలను బాడీకి టాకా (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్క) వేశారు. తలుపు తగిలించి, వేసి, తీసి, మళ్లీ వేసి చూసి, సందు చుట్టూ సమానంగా వచ్చాకే చానెల్‌కు మొదటి టాకా. అంటే తలుపే మన కొలబద్ద. నేను దాన్ని పని మొదలవ్వకముందే విప్పి గోడకు ఆనించాను.

కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదానికి నా జవాబు, ఏదీ విప్పకుండా మొదలుపెట్టండి. బాగు చేస్తామని మొదలై సగంలో ఆగిపోయే కార్లన్నీ మొత్తం విప్పేసిన కార్లే, ఇది నేను పందెం కాసి చెబుతాను. పూర్తిగా విప్పిన కారు అంటే నలభై అట్టపెట్టెలు. ఆరు నెలల తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. ఒక మూల తీసుకోండి, అక్కడ కొలవండి, గొట్టాలతో బిగించండి, కొయ్యండి, అతికించండి, తర్వాత ఇంకో మూలకు వెళ్లండి. ప్రతి నట్టూ సంచీలో వేసి పేరు రాయండి. పెన్నుతో రాస్తే నూనె తగిలి చెరిగిపోతుంది, చీటీ రాసి సంచీ లోపల పెట్టండి.

ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి టెన్షన్ పెట్టుకోవద్దు. పదిహేను నిమిషాల్లో తుప్పు ముద్ద కాస్తా అద్దంలా మెరిసే కారైపోతుంది వాటిలో. గొట్టాలు బిగించడం, కొలవడం, కూర్చుని తల గోక్కోవడం, ఇవేవీ చూపించరు. ఇంకో రకం వాళ్లున్నారు, చిల్లు మీద లప్పం మెత్తి, గీకి, పెయింట్ కొట్టి కొత్త కారులా అమ్మేస్తారు. మీది తాతగారి బండే అయినా ఒక అయస్కాంతం పట్టుకుని చుట్టూ తిరగండి. అంటుకోని చోట పైన ఉన్నది రేకు కాదు, లప్పం. నా కారు ముందు మడ్‌గార్డులో బొటనవేలు మందాన లప్పం దొరికింది, దాని వెనక పాత వార్తాపత్రిక కుక్కి ఉంది.

తుప్పును మార్చే ద్రవాల గురించి కూడా అడుగుతారు. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్నవి పైపొర తుప్పును ఫాస్ఫేట్‌గా మారుస్తాయి, టానిక్ యాసిడ్ ఉన్నవి నల్లగా చేస్తాయి. పైపొరకు మంచివే. చిల్లు పడినదాన్ని ఏ సీసా పూడ్చదు. పొరలు పొరలుగా ఊడుతున్న తుప్పు మీద పూస్తే పై పొర నల్లబడుతుంది, కింద అది తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

చిన్న భాగాలకు నేను ఎలక్ట్రాలిసిస్ వాడాను, అది మాత్రం చూడ్డానికే ముచ్చటేస్తుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, వాషింగ్ సోడా, బ్యాటరీ చార్జర్. తుప్పు ముక్కకు నెగటివ్, పక్కన పనికిరాని మామూలు ఇనుప ముక్కకు పాజిటివ్. రాత్రికి పెడితే పొద్దునకు తుప్పు నల్లటి బురదలా మారి బ్రష్షు పెడితే పోతుంది, మంచి ఇనుము అలాగే ఉంటుంది. పాజిటివ్‌కు స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రం పెట్టకండి, అందులోని క్రోమియం నీళ్లలోకి విషంగా దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట పెట్టండి, నిప్పు దగ్గరకు రానివ్వకండి. స్ప్రింగుల్లాంటి గట్టిపరిచిన ఉక్కును ఇందులో గానీ యాసిడ్‌లో గానీ వెయ్యొద్దు, పెళుసై విరుగుతాయి.

వెల్డింగ్ రాదన్నారు. నేర్చుకోవచ్చు, కానీ మీ కారు మీద కాదు. కారు రేకు మందం దాదాపు 0.8 నుంచి 1 మిల్లీమీటరు, గేటు వెల్డింగ్ చేసినట్టు గీత లాగితే చిల్లు పడుతుంది, లేదా వేడికి రేకు అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. అతుకు మీద గ్యాస్ ఊదుతూ వైరును తానే అందించే మిగ్ వెల్డింగ్ మెషిన్, 0.6 మిల్లీమీటర్ల వైరు, ఒక చుక్క ఇక్కడ, తర్వాతి చుక్క జానెడు దూరంలో, చల్లారాక మళ్లీ మధ్యలో. పాత బానెట్ ఒకటి తెచ్చి ముక్కలు కోసి నెలరోజులు దాని మీద పాడు చెయ్యండి. బ్యాటరీ తీగలు పీకేయండి. ఫ్లోర్ లోపలివైపు తారు పొర ఉంటుంది, కింద వెల్డింగ్ చేస్తుంటే పైన అది అంటుకుంటుంది, మీకు కనపడదు. నాది అంటుకుంది. పొగ చూసి మా ఆవిడ బకెట్టుతో వచ్చింది కాబట్టి ఈ జవాబు రాయగలుగుతున్నాను. పెట్రోల్ ట్యాంకు ఖాళీగా ఉన్నా సరే దాని జోలికి వెళ్లకండి, లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. ఆ ఒక్కటీ నేను బయట ఇచ్చి చేయించాను.

అన్నీ అతికించాక చాలామంది బయటి రంగు మీద పడిపోయి లోపలి సంగతి మర్చిపోతారు. డొల్ల భాగాల్లోకి పొడవాటి గొట్టంతో మైనం లాంటి ద్రవం కొడతారు, అది కొట్టకపోతే కొత్త చానెల్ కూడా లోపలి నుంచి అదే దారి పడుతుంది. నీళ్లు కారే చిల్లులు కింద ఉంటాయి, వాటిని మైనంతోనో పెయింటుతోనో మూసెయ్యకండి. ప్రైమర్ కొట్టి నెలల తరబడి బయట వదిలెయ్యొద్దు. చాలా ప్రైమర్లు తేమను పీల్చుకుంటాయి, పైన పెయింట్ పడేదాకా వాటిని నమ్మలేం. ఇది కూడా ఒక వర్షాకాలం పోగొట్టుకుని తెలుసుకున్నదే.

ఇప్పుడు బండి తిరుగుతోంది. ఎడమ తలుపు వేయాలంటే కిటికీ అద్దం కొంచెం దించాలి, లేకపోతే లోపలి గాలి బయటికి పోక తలుపు సగంలో ఎదురు తంతుంది. ఈ పాత బీటిళ్లు కొత్తగా ఉన్నప్పుడు వాటికి ఈ లక్షణం ఉండేదని చెబుతారు, అంటే గాలి కూడా దూరనంతగా మూసుకుంటోందన్నమాట. మొదటిసారి అలా తన్నినప్పుడు బాబాయి గారిని పిలిచి మరీ చూపించాను. కుడివైపు చానెల్ ఇంకా కోయలేదు, వచ్చే సెలవుల్లో మొదలుపెడతాను. గొట్టాలు కోసి సిద్ధంగా పెట్టాను. తలుపు మాత్రం దాని కబ్జాలకే ఉంది.