సెటర్ రాశాక ఇంక ప్రైవేట్ ఎందుకు?

ప్రశ్న: జావాలో క్లాస్ రాసేటప్పుడు ప్రాపర్టీలన్నీ ప్రైవేట్‌గా (క్లాసు బయటి కోడ్‌కి అందకుండా) పెట్టి, ఒక్కోదానికి గెటర్ (విలువ చదివే మెథడ్), సెటర్ (విలువ మార్చే మెథడ్) రాయమని నేర్పారు. అలాగే రాస్తున్నాను. కానీ సెటర్ పిలిచి ఎవరైనా ఏ విలువైనా పెట్టేయొచ్చు కదా, మరి పబ్లిక్‌కీ దీనికీ తేడా ఏంటి? పైథాన్‌లో పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెట్టినా మా ఫ్రెండ్ బయటి నుంచి చదివేశాడు!

జవాబు: మీకొచ్చిన అనుమానం సరైనదే. అన్నిటికీ సెటర్ రాయడమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. ఎడిటర్‌లో ఒక్క క్లిక్‌తో అవన్నీ పుట్టుకొస్తాయి కాబట్టి అందరికీ అలవాటైపోయింది, అంతే.

బ్యాంకు ఖాతా క్లాసే తీసుకోండి. బ్యాలెన్స్‌కి సెటర్ వద్దే వద్దు. జమ, విత్‌డ్రా అని రెండు మెథడ్లు రాసి, ఉన్నదానికంటే ఎక్కువ తీయబోతే ఎక్సెప్షన్ విసరండి. అప్పుడు ఎప్పుడైనా బ్యాలెన్స్ మైనస్‌లోకి పోయిందంటే తప్పు ఆ క్లాసులోనే ఉన్నట్టు, అదే పబ్లిక్ అయితే ప్రోగ్రామంతా గాలించుకోవాలి.

సెటర్ లేనంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. లావాదేవీల లిస్టు ప్రైవేటే, దానికి గెటర్ మాత్రమే ఉంది అనుకుందాం. ఆ గెటర్ అసలు లిస్టునే చేతికిస్తే, తీసుకున్నవాడు దాని మీద క్లియర్ అని పిలిస్తే చాలు, మీ ఖాతాలో చరిత్రంతా ఖాళీ! ప్రైవేట్ కాపాడేది ఆ పేరునే, అది చూపించే ఆబ్జెక్టును కాదు. నేనూ ఓసారి ఇలాంటి బగ్ కోసం ఒక రోజంతా తల పట్టుకున్నాను. జావా 10 నుంచి లిస్ట్.కాపీఆఫ్ ఉంది, దాంతో మార్చడానికి వీల్లేని కాపీ ఇచ్చేయండి.

ఇక పైథాన్. రెండు అండర్‌స్కోర్లు పెడితే పేరు మారుతుంది తప్ప తాళం పడదు. అకౌంట్ అనే క్లాసులో __బ్యాలెన్స్ అని రాస్తే లోపల అది _అకౌంట్__బ్యాలెన్స్ అవుతుంది, మీ ఫ్రెండ్ ఆ పేరుతోనే చదివి ఉంటాడు. సబ్‌క్లాసులో అదే పేరు వాడితే గొడవ రాకూడదని పెట్టిన ఏర్పాటది. మామూలుగా ఒక్క అండర్‌స్కోర్ పెడతారు, "ఇది లోపలి సంగతి, ముట్టుకోకండి" అని చెప్పడానికి. టైప్‌స్క్రిప్ట్ ప్రైవేట్ కూడా కంపైల్ అయ్యేదాకానే, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అడ్డేమీ ఉండదు. జావాస్క్రిప్ట్‌లో 2022 ప్రమాణంలో చేరిన, పేరు ముందు పెట్టే హ్యాష్ గుర్తు (#) మాత్రం గట్టిది, క్లాసు బయట ఆ పేరు రాస్తే సింటాక్స్ ఎర్రరే. జావాలోనూ రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగానే క్లాసు లోపలి భాగాలను చూసే సదుపాయం) చాలాసార్లు ప్రైవేట్‌ను దాటి లోపలికి పోవచ్చు. అందుకే పాస్‌వర్డ్‌ని ప్రైవేట్ ఫీల్డులో పెట్టి టెన్షన్ లేదనుకోకండి, ఇది పొరపాట్లను ఆపేదే గానీ హ్యాకర్లను కాదు.