ఆ ఖరీదైన సీసా ఎవరి కోసం?

అమ్మడూ,

మీ పదో పెళ్లిరోజు పార్టీకి ఆ 14,000 రూపాయల బోర్డో, అదే ఆ ఫ్రెంచ్ రెడ్ వైన్ సీసా కొనాలా వద్దా అని అడిగావు. పార్టీకైతే వద్దు. మీ ఇద్దరి కోసమైతే ఖర్చు పెట్టు, కానీ ఆ షాపులో ఉన్న ఆ సీసా మీద మాత్రం కాదు. నా జవాబు ఇంతే. నీకు ఇంతటితో తృప్తి ఉండదని తెలుసు కాబట్టి మిగతాది రాస్తున్నాను. ఇన్నేళ్లు బెంగళూరు హోటళ్లలో బార్ వెనక నిలబడి నేర్చుకున్నది మీ అత్తయ్య దగ్గర ఎలాగూ చెల్లదు, నీ దగ్గరైనా చెల్లనీ.

ముందు లెక్క చూడు. సీసాలో ఉండేది 750 మిల్లీలీటర్లు. మామూలుగా పోస్తే ఐదు గ్లాసులు వస్తాయి. నీ అతిథుల్లో తాగేవాళ్లు 12 మంది అన్నావు. తలా 60 మిల్లీలీటర్లకు కాస్త పైన పడుతుంది. మంచి రెడ్ వైన్ పోయగానే తన సంగతంతా బయటపెట్టదు. గాలి తగిలి అరగంట గడిచాక వాసన మారుతుంది, రుచి మెత్తబడుతుంది. నీ పార్టీలో అరగంటయ్యేసరికి గ్లాసులు ఖాళీ అయిపోయి, అందరూ సర్జాపుర రోడ్డు ట్రాఫిక్ గురించి మాట్లాడుకుంటూ ఉంటారు.

రెండోది ధర మాయ. 2008లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పి తాగించి, ఆ సమయంలో తాగినవాళ్ల మెదడును ఎమ్మారైతో చూశారు. 90 అన్నప్పుడు ఎక్కువ బాగుందన్నారు. అది మొహమాటానికి అన్నమాట కాదు, ఆనందాన్ని నమోదు చేసే మెదడు భాగం కూడా ఎక్కువ చురుగ్గా కనిపించింది. అదే ఏడాది ఇంకో పరిశోధనలో ధర చెప్పకుండా రుచి చూపించిన 6,000కు పైగా సందర్భాలను లెక్కగట్టారు. వైన్‌లో శిక్షణ లేనివాళ్లకు ఖరీదైనవి ఎక్కువ నచ్చలేదు సరికదా, సగటున ఒక పిసరు తక్కువే నచ్చాయి. ఈ రెండూ చదివి చాలామంది 'ఖరీదైన వైన్ అంతా మోసం' అనేస్తారు. నేనలా అనను. ధర తెలిసినవాడికి కలిగే ఆనందం కూడా ఆనందమే. కాకపోతే అది ధర తెలిసినవాడికే కలుగుతుంది. నీ అతిథులకు ధర చెప్పకపోతే వాళ్లకు ఆ ఆనందం అందదు. చెబితే గొప్పలు పోయినట్టుంటుంది. అందుకే ఇలాంటి సీసా ఎంత పెట్టి కొన్నారో, ఎందుకు కొన్నారో తెలిసిన ఇద్దరి మధ్యే బాగుంటుందని నా అభిప్రాయం.

హోటల్లో నేను చూసింది కూడా అదే. పెద్ద బల్లల దగ్గర మెనూలో కుడివైపు అంకె మాత్రమే చూసి సీసా తెప్పించి, అందులో ఐసు ముక్కలు వేయించుకున్నవాళ్లున్నారు. డబ్బు వాళ్లది, వేసిచ్చాను. మూల బల్ల దగ్గర ఇద్దరే కూర్చుని, ఒక్క సీసాతో సాయంత్రమంతా గడిపి, వెళ్లేటప్పుడు లేబుల్ ఊడదీసి ఇవ్వగలరా అని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఇక ఆ 14,000లో అసలు వైన్ వాటా ఎంతో చూద్దాం. మన దేశంలో దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం సుంకం నడిచింది. రేవుకు చేరేసరికి 2,000 పడిన సీసాకు సుంకమే ఇంకో 3,000. అంటే షాపు దాకా రాకుండానే 5,000. దాని మీద రాష్ట్రం ఎక్సైజు, దిగుమతిదారు లాభం, షాపువాడి లాభం. కాబట్టి బెంగళూరులో 14,000 పలికే ఫ్రెంచ్ సీసా ఫ్రాన్స్‌లో ఆ స్థాయి సీసా కానే కాదు. అందని ద్రాక్ష పుల్లన అన్న ధోరణిలో చెబుతున్నానని అనుకోకు. నువ్వు కొనగలవు, నాకు తెలుసు. కొన్నదానిలో ఎక్కువ భాగం సీసాలో లేదంటున్నాను.

ఆస్ట్రేలియా వైన్ సంగతి వేరు. వాళ్లతో కుదిరిన వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చింది. సీసా దిగుమతి విలువ 5 అమెరికా డాలర్లు దాటితే సుంకాన్ని 100 శాతానికి, 15 డాలర్లు దాటితే 75 శాతానికి దించారు. అక్కడి నుంచి ఏటా మరికొంత తగ్గేలా రాసుకున్నారు. అదే డబ్బుకి ఫ్రెంచ్ పేరు కన్నా ఆస్ట్రేలియా సీసాలో నీకు ముట్టేది ఎక్కువ.

నువ్వు ఆ బోర్డో మీద మనసు పడింది పేరు చూసి కాదు, లేబుల్ మీద మీ పెళ్లయిన సంవత్సరం ఉందని. ఆ సరదా నాకు అర్థమైంది. అందుకే ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను. లేబుల్ మీద ఉండేది ద్రాక్ష కోసిన ఏడాది. లోకంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం రెండు మూడేళ్లలో తాగేయడానికి చేసిందే. పదేళ్లు నిలబడగలిగేది కొద్దిగానే ఉంటుంది, మంచి బోర్డో అందులో ఒకటి. కానీ అది చల్లగా, చీకట్లో, పడుకోబెట్టి ఉంచితేనే నిలబడుతుంది. నువ్వు పంపిన ఫోటోలో ఆ సీసా పై అరలో, బల్బు కింద నిటారుగా నిలబడి ఉంది. బెంగళూరు చల్లని ఊరే గానీ ఏప్రిల్‌లో షాపు షట్టర్ దించాక లోపల వేడి ఎంతుంటుందో ఊహించు. అలా నిలబెడితే కార్క్ ఎండి కుంచించుకుపోతుంది, గాలి లోపలికి పోతుంది. వేడికి పండు వాసన చచ్చి, ఉడకబెట్టిన జామ్ వాసన వస్తుంది. ఖరీదైనది ఎక్కడ కొన్నా 'దీన్ని ఎక్కడ దాచారు, ఎప్పుడు తెచ్చారు?' అని అడుగు. చల్లటి గదో, వైన్ ఫ్రిజ్జో చూపిస్తే సరే. 'అదేం పాడవదు మేడమ్' అంటే బయటికి వచ్చేయ్.

అసలు ఆ వైన్ పార్టీకి పనికిరాకపోవడానికి పెద్ద కారణం నీ మెనూ. గోంగూర మటన్, కోడి వేపుడు, పైగా ఉలవచారు బిర్యానీ! అలాంటి రెడ్ వైన్‌లో వగరు ఎక్కువ. నోట్లో కారం ఉండగా ఆ వగరు, 14 శాతం ఆల్కహాల్ తోడైతే మంట ఇంకా రేగుతుంది. వైన్ చేదెక్కుతుంది, కూర రుచీ పోతుంది. అంత డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. కారానికి కావలసింది చల్లదనం, కొద్దిపాటి తీపి, తక్కువ వగరు. రీస్లింగ్, కాస్త తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్లు అందుకు బాగా నప్పుతాయి. గోంగూర పులుపు ముందు పులుపు లేని వైన్ చప్పగా తేలిపోతుంది. దానికి పులుపున్న తెల్ల వైన్ సోవిన్యాన్ బ్లాంక్ పెట్టు. ఇవన్నీ నాశిక్ నుంచి వస్తాయి, ధర కూడా భయపెట్టదు. కేక్ కోసేటప్పుడు బుడగలు కావాలంటే షాంపేన్ జోలికి పోకు. నాశిక్ దగ్గర దిండోరిలో చేసే షాందోన్ అనే బుడగల వైన్ కూడా షాంపేన్ లాగే సీసాలోనే రెండోసారి పులియబెట్టి చేసింది. నిజమైన షాంపేన్‌ను మామూలు రకమైతే కనీసం 15 నెలలు, లేబుల్ మీద ఏడాది వేసినదైతే మూడేళ్లు ఆపి గానీ అమ్మరు. ఆ ధరకు కొంత అర్థముంది. కానీ 12 మంది చప్పట్లు కొడుతూ గటగటా తాగేదానికి అంత అక్కర్లేదు.

రెడ్ లేకుండా ఎలా అంటావా, ఒకటో రెండో పెట్టు. నంది కొండల కింద దొడ్డబళ్లాపుర దగ్గర గ్రోవర్ వాళ్ల లా రిజర్వ్ ఉంది. కాబర్నే సోవిన్యాన్, షిరాజ్ అనే రెండు రకాల నల్ల ద్రాక్ష కలిపి చేస్తారు. కాస్త ఎక్కువ పెడతానంటే హంపి కొండల దగ్గర క్రస్మా అనే ద్రాక్షతోట వాళ్ల కాబర్నే చూడు. ఆ తోట మన తెలుగు దంపతులు కృష్ణప్రసాద్, ఉమ చిగురుపాటి పెట్టినది. పార్టీలో నలుగురూ చెప్పుకోవడానికి ఫ్రెంచ్ పేరు కన్నా ఈ కథ బాగుంటుంది. నా లెక్కలో వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా పెట్టే ప్రతి రూపాయీ గ్లాసులో కనిపిస్తుంది. ఆ పైన రుచి మెల్లగా పెరుగుతుంది, ధర మాత్రం గెంతుతుంది.

మీ మామగారు తీపి పోర్ట్ వైన్ అడుగుతారు, నాకు తెలుసు. బెంగళూరు బ్లూ ద్రాక్షతో చేసే ఆ చవక రకమే తెప్పించి పెట్టు. ఆయనకు వైన్ పాఠాలు చెప్పకు. మీ అత్తగారి ముందు సీసాలు బల్ల మీద వరసగా పేర్చకుండా పక్క గదిలో పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇక మీ ఇద్దరి సీసా. మీ మరిది మెల్‌బోర్న్ నుంచి వస్తున్నాడు కదా. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే రెండు సీసాలు హాయిగా వస్తాయి. ఆస్ట్రేలియాలో వైన్‌కు పేరున్న కూనవారాది గానీ, మార్గరెట్ రివర్‌ది గానీ, మీ పెళ్లి ఏడాది కాబర్నే ఒకటి పాత వైన్లు సరిగ్గా దాచే షాపులో చూసి తెమ్మను. బిల్లు తెమ్మను, సీసాను బట్టల మధ్య చుట్టి చెకిన్ బ్యాగులో పెట్టమను. ఇంట్లో దాన్ని ఫ్రిజ్ మీద కాకుండా మంచం కింద పడుకోబెట్టు. హోటల్‌కి వెళ్లి తాగుదామంటే అదే స్థాయి సీసాకు రెట్టింపో, మూడింతలో కట్టాలి. అలా వెళ్లేదుంటే ముందే ఫోన్ చేసి సొంత సీసా తెస్తే ఎంత తీసుకుంటారో అడుగు. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు.

తాగే ముందు రోజు దాన్ని నిటారుగా పెట్టు, అడుగున మడ్డి ఉంటే దిగుతుంది. పోయడానికి ముందు 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచు. రెడ్ వైన్‌ను గది వేడిమిలో తాగాలన్న మాట చలిదేశాల గదులకు చెప్పింది, 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ లోపం, మీ నాలుక తప్పు కాదు. వంట మాత్రం ఆ రోజు కారం తగ్గించి, నేతిలో వేయించిన మటన్ చాలు. పల్చటి గాజుతో కాస్త పెద్ద గ్లాసులు రెండు కొను, సెట్టు వద్దు.

ఎంత దాకా పెట్టొచ్చు అంటావు. సీసా చేయి జారి పగిలిందనుకో. 'అయ్యో' అని నవ్వుకోగలిగితే కొను. ఆ నెల ఫ్లాటు ఈఎంఐ గుర్తొచ్చేటట్టయితే వద్దు. అల్లుడుగారిని కూడా ఇదే అడుగు. ఆయనకు విస్కీయే ఇష్టమైతే ఈ ఖర్చంతా ఎవరి సరదా కోసమో ముందే తేల్చుకోండి.

మరిది షాపుకు వెళ్లినప్పుడు లేబుళ్ల ఫోటోలు నాకు పంపమను, ఏది తీసుకోవాలో చెబుతాను. ఈ ఉత్తరం సంగతి మీ నాన్నగారికి చెప్పకు. ఆయన లెక్కలో నేను హోటల్లో అన్నేళ్లూ కాఫీలే అందించాను.

మీ మామయ్య