రెండు స్వరాలు, 66 సార్లు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ మూడో ప్రతి అందింది. మొదటి ప్రతిలో, మార్కెట్ యార్డులో కాటా దగ్గర తండ్రి మాట తెగిపోయే చోటు ఒకటి ఉండేది. చెప్పలేక, మానలేక మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఇప్పుడు ఆయన తన బాధను పూర్తి వాక్యాలలో, ఎక్కడా తడుముకోకుండా చెబుతున్నాడు. చిత్రిక పట్టీ పట్టీ చెక్కనే అరగదీశావు.

నీకు ఒక రికార్డు వినిపించాలని ఉంది. పేరు 'స్పైరల్ స్క్రాచ్'. మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ అనే పంక్ బృందం (పంక్ అంటే గరుకుగా, వేగంగా వాయించే రాక్ సంగీతం) 1976 డిసెంబరు 28న అందులోని నాలుగు పాటలు రికార్డు చేసింది. తెలిసినవాళ్ల దగ్గర, ఇంట్లోవాళ్ల దగ్గర అప్పు తెచ్చిన 500 పౌండ్లే పెట్టుబడి. డ్రమ్స్ వాయించిన జాన్ మెహర్‌కు అప్పటికి 16 ఏళ్లు. మరుసటి నెలలోనే సొంత లేబుల్, అంటే రికార్డు కంపెనీ, పెట్టుకుని 1,000 కాపీలు వేశారు. అన్నీ కలిపి పట్టుమని పది నిమిషాలు.

మొదటిసారి విన్నప్పుడు నాకు చికాకు కలిగింది. గిటారు రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు మోగుతుంది. హోవర్డ్ డివోటో పాడుతుంటే ఎవరికో ఎదురు చెబుతున్నట్టే ఉంటుంది. అయినా మళ్లీ పెట్టుకున్నాను. కారణం 'బోర్‌డమ్' అనే పాట. మామూలుగా గిటారు వాద్యకారుడు తన పనితనమంతా చూపించే చోట పీట్ షెల్లీ రెండే రెండు స్వరాలు వాయిస్తాడు. ఆ రెండే, 66 సార్లు. పాట విసుగు గురించి. విసుగు ఎలా ఉంటుందో వర్ణించకుండా మనల్ని తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టాడు. మూడో స్వరం వస్తుందని ఎదురుచూస్తూ నేను ఊపిరి బిగబట్టాను. ఎన్నో నవలలు నా చేత ఆ పని చేయించలేకపోయాయి.

ఆ రికార్డు అట్ట కూడా నాకు పాటలంత ఇష్టం. ఏ పాట ఎన్నో టేకో, తర్వాత ఏం కలిపారో దాని మీద అచ్చు వేశారు. 'బోర్‌డమ్' మొదటి టేక్, పైన గిటారు కలిపారు. 'బ్రేక్‌డౌన్' మూడో టేక్, పైన ఏమీ కలపలేదు. మూడోది అన్నారంటే ముందు రెండు వదిలేశారన్న మాట. గరుకుదనాన్ని నిర్లక్ష్యం అనుకునేవారు ఆ ఒక్క మాట చదివితే చాలు. ఆ కుర్రాళ్లు మళ్లీ మళ్లీ వాయించారు, విన్నారు, ప్రాణమున్నది ఏదో గుర్తుపట్టి అక్కడ చేయి తీశారు.

దిద్దుకోవద్దని నేను అనడం లేదు. మొదటి పేజీలో వాన వర్ణన పూర్తిగా తీసెయ్యి, అది నీది కాదు. మిగతావి రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని పైకి చదువు. నీ గొంతు ఎక్కడ పట్టేస్తుందో ఆ ముక్క జోలికి వెళ్లకు. కాటా దగ్గరి పేజీ మాత్రం మొదటి ప్రతిలోదే ఉంచు. నువ్వు కొట్టేసిన వాక్యం నా దగ్గర భద్రంగా ఉంది, కింద రాసి పంపుతున్నాను:

'పత్తి తడవలేదని కాదు బాబూ, తడిసింది, తడిసిందే గానీ…'