గొంతుతో పలికే 'ఏ', గొంతుతో అడిగే 'ఆ'

చిరంజీవి చిన్నికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆదివారం రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడ్చిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. "ఇంగ్లీషులో ఒక్క తప్పు కూడా మాట్లాడలేదు పెద్దమ్మా, అయినా నేను కసురుకుంటున్నట్టు మాట్లాడానని లండన్ క్లయింటు మా లీడ్‌తో అన్నాడట" అన్నావు. అప్పటికి ఓదార్చి ఫోన్ పెట్టేశాను గానీ, చెప్పాల్సిన అసలు సంగతి చెప్పలేకపోయాను. అది రెండు నిమిషాల్లో తేలేది కాదు. ఇరవై ఏళ్ళు ఈ బెంగళూరులోనే, మొదట కాల్ సెంటర్లలో రాత్రి షిఫ్టుల్లో, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో, మన ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పాను. నీలాగే కళ్ళనీళ్ళు పెట్టుకున్న వాళ్ళను చాలామందిని చూశాను. అందుకే రాస్తున్నాను, నింపాదిగా చదువు.

నువ్వు క్లయింటును అడిగిన మాట నాకు మళ్ళీ అని వినిపించావు కదా: "కుడ్ యూ సెండ్ మీ ద ఫైల్ టుడే?" మాటల్లో మర్యాదకు ఏ లోటూ లేదు. కానీ ఏడు మాటల్నీ ఒకే బరువుతో, ఇటుకలు పేర్చినట్టు పేర్చుకుంటూ వెళ్ళి, చివర 'టుడే' దగ్గర గొంతు దబ్బున కింద పడేశావు. అలా పడేస్తే వాళ్ళ చెవికి అది అడిగినట్టు ఉండదు, పని పురమాయించినట్టు ఉంటుంది. అదే 'డే' దగ్గర గొంతు కాస్త పైకి లేపి వదిలితే "వీలైతే ఈ రోజు పంపగలరా అండీ" అయిపోతుంది. మనకున్న 'అండీ' వాళ్ళకు లేదమ్మా. ఆ అండీ అంతా గొంతులోనే ఉంటుంది.

ఇది నీ ఒక్కదానికి వచ్చిన కష్టం కాదు. జాన్ గంపర్జ్ అనే భాషా శాస్త్రవేత్త 1982లో అచ్చయిన తన పుస్తకంలో ఒక సంగతి రాశాడు. బ్రిటన్‌లో ఒక పెద్ద విమానాశ్రయంలో, ఉద్యోగులు భోజనం చేసే క్యాంటీన్‌లో భారతదేశం, పాకిస్తాన్‌ల నుంచి వెళ్ళిన ఆడవాళ్ళను కొత్తగా పనిలో పెట్టుకున్నారు. కొద్ది రోజులకే వాళ్ళు ముఖం మాడ్చుకుని ఉంటారని, సహకరించరని ఫిర్యాదులు. చూస్తే వాళ్ళు మాట్లాడేదే ఒకటి రెండు మాటలు. మాంసం వడ్డించాక గ్రేవీ కావాలా అని అడగాలి. అక్కడి ఆడవాళ్ళు "గ్రేవీ?" అని పైకి ఎత్తి అడిగేవారు. మనవాళ్ళు అదే మాటను కిందికి దించి "గ్రేవీ." అనేవారు. తినేవాళ్ళకు అది "ఇది గ్రేవీ, ఇష్టమైతే తీసుకో" అన్నట్టు వినిపించింది. రెండు రకాల పలుకులనూ రికార్డు చేసి వినిపిస్తే మనవాళ్ళకు మొదట తేడాయే తెలియలేదు, రెండూ ఒకటే కదా అన్నారు. తేడా తెలిశాక మాత్రం, ఇన్నాళ్ళూ అందరూ తమను ఎందుకలా చూశారో వాళ్ళకు అర్థమైంది. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఒక్క మాట, రెండక్షరాలు, దాని వల్ల ఎంతమంది ఆడవాళ్ళు చెడ్డవాళ్ళయిపోయారు!

మనకు ఇది తెలియని విద్య కాదు కూడా. ఇంద్రశత్రువు కథ మీ తాతయ్య చెప్పేవారు, గుర్తుందా? త్వష్ట ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేస్తూ 'ఇంద్రశత్రు' అన్న మాటలో స్వరం ఒక అక్షరం మీద పెట్టాల్సింది ఇంకో అక్షరం మీద పెట్టాడు. ఇంద్రుణ్ణి చంపేవాడు అని రావాల్సిన అర్థం, ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు అని తిరగబడింది. పతంజలి మహాభాష్యంలో చెప్పిన ఉదాహరణ ఇది. గొంతు మార్పుతో అర్థం మారడాన్ని మన అలంకార శాస్త్రంలో కాకువు అన్నారు. అంటే పలుకుబడిని ఇంత శ్రద్ధగా పట్టించుకున్న చెవులే మనవి. ఇంగ్లీషు బడిలో మాత్రం మనకు అది ఎవరూ నేర్పలేదు. స్పెల్లింగు నేర్పారు, గ్రామర్ నేర్పారు, రాగం నేర్పలేదు.

ఇన్నేళ్ళలో నాకు బోధపడింది ఇదీ. మనం మాట చివర చిన్న అక్షరం తగిలించి చేసే పనిని వాళ్ళు గొంతుతో చేస్తారు. 'వచ్చాడు'కు 'ఆ' చేర్చి 'వచ్చాడా' అంటాం. ఇక గొంతు ఎటు పోయినా అది ప్రశ్నే. మీ పీజీ ఆంటీ రోజూ "ఊట ఆయ్తా?" అని అడుగుతుందే, కన్నడంలోనూ అదే 'ఆ'. అందుకే కన్నడం మాట్లాడేటప్పుడు మనకు ఈ ఇబ్బంది రాదు. ఇంగ్లీషుకు వచ్చేసరికి ఆ అక్షరాలు ఉండవు, మనం గొంతూ మార్చం. అక్కడ వస్తుంది చిక్కు.

ఒక్క వాక్యం తీసుకుందాం. "ఐ సెంట్ హర్ ద రిపోర్ట్ యెస్టర్డే." దీన్ని పైకి అంటూ చూడు. 'ఐ' మీద బరువు పెట్టు: నేనే పంపాను, ఇంకెవరో కాదు. 'సెంట్' మీద పెట్టు: పంపానుగా! 'హర్' మీద పెట్టు: ఆమెకే పంపాను. 'యెస్టర్డే' మీద పెట్టు: నిన్ననే పంపాను. ఏ ఉద్దేశమూ లేకుండా ఊరికే వార్త చెబుతున్నట్టయితే బరువు 'రిపోర్ట్' మీద పడుతుంది. మాటల్లో ఒక్క అక్షరం మారలేదు చూశావా? తెలుగులో 'ఏ' ఎక్కడికి వెళ్ళి కూర్చుంటుందో, ఇంగ్లీషులో బరువు అక్కడికి వెళ్ళి కూర్చుంటుంది. ఏ వాక్యమైనా నోట్లోంచి వచ్చే ముందు, ఇదే మాట తెలుగులో అంటే 'ఏ' ఎక్కడ పెడతాను అని ఒక్కసారి అనుకో. కొన్నాళ్ళకు అనుకోకుండానే వస్తుంది. బరువంటే అరవడం అనుకునేవు. ఆ అక్షరం దగ్గర స్వరం పైకో కిందికో కదలాలి, అచ్చు కాస్త సాగాలి. మిగతా మాటలు దాని వెనక ఒదిగి పోవాలి.

ఒదగడం మనవాళ్ళకు ఇంకా కష్టం. ఎవరైనా "డూ యూ వాంట్ కాఫీ?" అంటే మనం "నో థాంక్స్, ఐ డోంట్ డ్రింక్ కాఫీ" అని 'కాఫీ'ని మళ్ళీ గట్టిగా నొక్కుతాం. వాళ్ళయితే 'డ్రింక్' మీద నొక్కి 'కాఫీ'ని మింగేసినట్టు తగ్గు స్వరంలో అంటారు. ఎందుకంటే కాఫీ సంగతి ఇద్దరికీ తెలిసిందే. తెలుగులో మనమేం చేస్తాం? "వద్దండీ, నేను తాగను" అంటాం. కాఫీ అన్న మాటే ఎత్తం. తెలిసిన మాటను మనం వదిలేస్తాం, వాళ్ళు ఉంచి గొంతు తగ్గిస్తారు. తెలిసినదాన్ని మళ్ళీ నొక్కితే వినేవాడికి "ఇందాక కాఫీ అనే కదా అన్నాను, ఈమె ఏదో కొత్తగా చెబుతోందేమిటి" అని తికమక. రోజంతా అలా వినాలంటే వాళ్ళకు అలసట వస్తుంది. ఆ అలసట మనకు విసుగులా కనిపిస్తుంది.

ఈ బరువు తప్పడం వల్ల జరిగిన నష్టం నా కళ్ళతో చూశాను. నేను పనిచేసిన ఒక కంపెనీలో మన గుంటూరు వైపు కుర్రాడు అమెరికా వాళ్ళతో కాల్‌లో "వీ కెన్ డెలివర్ బై ఫ్రైడే" అన్నాడు. 'కెన్'ను నిండుగా, గట్టిగా పలికాడు, అందరికీ నమ్మకం కలగాలని పాపం. అమెరికా వాళ్ళు మామూలుగా ఇలాంటి చోట 'కెన్'ను నలిపేసి 'కన్' అన్నట్టు దాటేసి 'డెలివర్' మీద నొక్కుతారు. నిండుగా, బరువుగా వినిపించేది 'కాంట్' మాత్రమే, అదీ వాళ్ళ నోట 'కేంట్' అన్నట్టు ఉంటుంది. ఫోన్‌లో చివరి 'ట్' ఎటూ సరిగ్గా వినపడదు. వాళ్ళకు "ఇవ్వలేం" అని వినిపించింది. వారం రోజులు మెయిళ్ళు, ఒకరి మీద ఒకరు సాకులు. ఆ కుర్రాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. చేస్తాను అన్నవాడు చెయ్యనన్నవాడిగా నిలబడ్డాడు. అప్పట్నుంచి నా క్లాసులో మొదటి రోజు పాఠం 'కెన్', 'కాంట్' అయిపోయింది.

మాట లోపలి బరువు గురించి ఎక్కువ రాయను, అది డిక్షనరీలోనే ఉంటుంది. బరువు పడే అక్షరం ముందు పైన చిన్న నిలువు గీత పెడతారు. 'డెవలప్' అంటే మనం 'డె' నొక్కుతాం, నొక్కాల్సింది 'వె'. 'హోటల్'లో రెండో అక్షరం, 'కమిటీ'లో నడిమిది. నీ ఉద్యోగంలో రోజూ వాడే ఓ వంద మాటలకు ఆ గీత ఎక్కడుందో చూసి నోటుబుక్కులో రాసుకో. రాగం వచ్చి వాలేది ఆ అక్షరం మీదే కాబట్టి ఇది చూసుకోక తప్పదు.

నువ్వు చెప్పిన ఇంకో సంగతి. క్లయింటు "సారీ?" అంటే నువ్వు "ఇట్స్ ఓకే" అన్నానన్నావు, అందరూ ఒక్క క్షణం మౌనంగా ఉండిపోయారన్నావు. కిందికి దించి 'సారీ' అంటే క్షమాపణ. పైకి ఎత్తి 'సారీ?' అంటే "వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అని. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఎవరో ఒకరు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. అలాంటిదే ఇంకోటి ఉంది, అది మరీ సున్నితం. నువ్వు చేసిన పని చూసి క్లయింటు "ఇట్స్ గుడ్" అంటాడు. స్వరం కిందికి దిగి ఆగితే "బాగుంది". దిగి, చివర మళ్ళీ కాస్త పైకి వంగితే అది "బాగానే ఉంది". ఈ రెంటికీ తేడా మన ఇంట్లో ఎవరికి తెలియదు? మీ అమ్మ చేసిన పులిహోర తిని మీ నాన్న "బాగానే ఉంది" అన్న రోజు ఆ ఇంట్లో ఏమవుతుందో నీకు నేను చెప్పాలా! ఆ వంపు వినిపించిందంటే వెంటనే థాంక్యూ చెప్పి ఊరుకోకు. ఇంకా ఏం మార్చాలో అడుగు. ఆయన నోటితో అనని 'కానీ' ఒకటి అందులో ఉంది.

'వేర్', 'వాట్', 'వెన్' లాంటి ప్రశ్నలకు మామూలుగా గొంతు కిందికే దిగుతుంది, ప్రశ్న కదా అని అన్నిటినీ పైకి ఎత్తకు. ఏ ప్రశ్న ఎటు పోతుందో వినగా వినగా పట్టుబడుతుంది.

సాధన ఎలా చెయ్యాలంటావా. రోజుకు పది నిమిషాలు చాలు. బీబీసీ వార్తల్లోంచి ఒక్క నిమిషం ముక్క తీసుకో. మొదటిసారి మాటలు పట్టించుకోకుండా విను. తర్వాత నోరు మూసుకుని ఆ రాగాన్ని "మ్ మ్ మ్" అని కూనిరాగంలా తియ్యి. మాటలు లేకపోతే ఎత్తుపల్లాలు చెవికి ఆనతాయి. ఆ తర్వాత కాగితం మీద అవే వాక్యాలు రాసుకుని, వాళ్ళు ఊపిరికి ఆగిన చోట పెన్సిలుతో అడ్డగీత పెట్టు, ఒక్కో ముక్కలో బరువైన ఒక్క మాట కింద గీత గియ్యి. ఒక ముక్కకు ఒకటే. నీకు రెండు మూడు కనిపిస్తే మళ్ళీ విను. అప్పుడు నువ్వు చదివి ఫోన్‌లో రికార్డు చేసుకుని పక్కపక్కన విను. మొదటి వారం నీ గొంతు నీకే నచ్చదు. అందరికీ అంతే, మానెయ్యకు.

మెట్రోలో కూర్చున్నప్పుడు కూడా పని చెయ్యొచ్చు. "నెక్స్ట్ స్టేషన్ ఈజ్ ఇందిరానగర్" అని మనసులో అనుకో. ప్రతి స్టేషన్‌కూ మారేది ఆ పేరొక్కటే, బరువు దాని మీదే. మిగతాదంతా తెలిసిందే కాబట్టి తేలిగ్గా దాటెయ్. ఒక్కో స్టేషన్ పేరు పెట్టి చూసుకుంటూ పోతే ఆఫీసు వచ్చేలోపు సాధన అయిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట గట్టిగా విను. అమెరికా యాస పెట్టుకోమని ఎవరు చెప్పినా పెట్టుకోకు. కాల్ సెంటర్ల రోజుల్లో పిల్లల పేర్లు మార్చి, నాలుకలు తిప్పించడం చూశాను. నాకు అది ఆనాడూ నచ్చలేదు, ఈనాడూ నచ్చదు. నీ 'ట'లు, 'డ'లు మన ఊరివే ఉండనీ, వాటి వల్ల ఎవరికీ కోపం రాదు. మార్చాల్సింది బరువు పెట్టే చోటూ, చివర గొంతు దిగే తీరూ. నీ గొంతు నీదే, దాన్ని ఇంకొకరి గొంతు చెయ్యమని నేను అనడం లేదు.

లీడ్‌తో కూడా మాట్లాడు. "నేను కోపంగా అనలేదు, నా పలుకుబడి అలా వినిపించింది, సరిచేసుకుంటున్నాను" అని ఒక్క ముక్క చెప్పు. ఈ మాట తెలుగులోనో ఇంగ్లీషులోనో నీ ఇష్టం, ఆయనా మన నెల్లూరు అబ్బాయే అన్నావుగా.

వచ్చే ఆదివారం మల్లేశ్వరం రా. మెజెస్టిక్‌లో లైను మారి మంత్రి స్క్వేర్ దగ్గర దిగు, నేను వచ్చి తీసుకెళ్తాను. "కుడ్ యూ సెండ్ మీ ద ఫైల్ టుడే" అన్న ఆ వాక్యాన్నే పది రకాలుగా రికార్డు చేసుకుని తీసుకురా. గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను. అన్నం తిన్నాక కూర్చుని ఒక్కోటీ విందాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ